మిషన్ బాగుంది, మనిషి ఎలా ఉన్నాడు?

(డాక్టర్ కాకర్ల సుబ్బారావు స్మృతిలో ఫిల్మ్‌నగర్‌లో చేసిన ఉపన్యాస పాఠం)



కాకర్ల సుబ్బారావుగారి పేరు మీద మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు వైద్యరంగం భవిష్యత్తు లాంటి పెద్ద విషయం ఎత్తుకోవచ్చు. నేను మాత్రం ఒక్క రాత్రికి సంబంధించిన విషయం ఎంచుకున్నాను. గుండెకు పేస్‌మేకర్ అమర్చారు. ఆపరేషన్ బాగా జరిగిందని ఇంట్లోవాళ్లకు చెప్పారు. ఆ రాత్రి బీపీ పడిపోయింది. ఈసీజీ బాగానే ఉంది, మిషన్ బాగానే ఉంది. బీపీ ఎందుకు పడిందో ఎవరికీ అంతుపట్టడం లేదు. అప్పుడు ఏం చేయాలి, ఏ వరసలో ఆలోచించాలి, ఎవర్ని ఏం అడగాలి? ఇవాళ నేను మాట్లాడబోయేది దీని గురించే.

సుబ్బారావుగారు 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టారు. విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో రేడియాలజీ నేర్చుకుని, ఉస్మానియాలో పాఠాలు చెప్పి, మళ్లీ అమెరికా వెళ్లి పేరు తెచ్చుకున్నారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) తొలి అధ్యక్షులు ఆయనే. ఎన్టీ రామారావుగారు పిలిస్తే అక్కడి జీవితం వదిలి వచ్చి హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రి డైరెక్టర్‌గా ఆ సంస్థకు ఒక రూపం ఇచ్చారు. 2000లో పద్మశ్రీ అందుకున్నారు. 2021 ఏప్రిల్ 16న మనల్ని విడిచి వెళ్లారు.

ఆయన రేడియాలజిస్టు అన్న సంగతి నాకు ఇవాళ చాలా ముఖ్యం. ఎక్స్‌రే ఫిలిం చేతికి వచ్చినప్పుడు మంచి రేడియాలజిస్టు ముందుగా అడిగేది, రోగి ఎవరు, ఏ అనుమానంతో తీయించారు అని. ఆ అనుమానం చెప్పకుండా పంపిన ఫిలింలో సగం సంగతులు కళ్లెదుట ఉన్నా కనిపించవు. రోగ నిర్ణయం ప్రశ్నతో మొదలవుతుంది. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఆ ఒక్క క్రమశిక్షణకు వివరణే.

ఈ చోటుకీ గుండెకూ ఉన్న బంధం

మనం కూర్చున్న ఈ కొండల మీద ఈ మాటలు చెప్పడానికి కారణం ఉంది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1974లో గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి ఆయన తెలుగునాట శిఖరం మీద ఉన్న నటుడు. అయినా ఆయన గుండెకు కావలసిన వైద్యం సముద్రాల అవతల ఉంది. తిరిగొచ్చి 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించారు. 1981లో ‘ప్రేమాభిషేకం’ చేశారు. ఆ ఆపరేషన్ తరవాత దాదాపు నలభై ఏళ్లు బతికి 2014 జనవరి 22న కన్నుమూశారు. గుండె ఆపరేషన్ అయిన మనిషి ఇక మూలన కూర్చోవాలన్న భయాన్ని తెలుగు ఇళ్లలోంచి తరిమినవాళ్లలో ఆయన ముందుంటారు.

1988లో ఇదే జూబ్లీహిల్స్‌లో అపోలో ఆస్పత్రి వచ్చింది. నిమ్స్‌లో గుండె వైద్యం పెరిగింది. అక్కడ పనిచేసిన డాక్టర్ బి. సోమరాజుగారు అబ్దుల్ కలామ్‌గారితో కలిసి తక్కువ ధర స్టెంటు తయారు చేయించారు. 1997లో కేర్ ఆస్పత్రి మొదలైంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్ పేదవాడికి కూడా అందే వస్తువయింది. ఒకప్పుడు అగ్రనటుడు విమానమెక్కి వెళ్లి చేయించుకున్న గుండె వైద్యం ఇప్పుడు కృష్ణానగర్‌లో ఉండే లైట్‌మన్‌కు, మేకప్‌మన్‌కు, జూనియర్ ఆర్టిస్టుకు ఆటో దూరంలో ఉంది. జిల్లా కేంద్రాల్లో సైతం క్యాథ్‌ల్యాబులు వచ్చాయి.

చేసే చోట్లు పెరిగాయి. చేసిన తరవాత రాత్రంతా కనిపెట్టుకుని ఉండే విద్య కూడా అంతే వేగంగా పెరగాలి. నా తాపత్రయం అదే.

పరికరం చరిత్రలో ఒక పాఠం

1958 అక్టోబరు 8న స్టాక్‌హోంలో ఓకే సెనింగ్ అనే సర్జన్, రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజినీరు కలిసి ఆర్నె లార్సన్ అనే రోగికి శరీరం లోపల పేస్‌మేకర్ పెట్టారు. ప్రపంచంలో అదే మొదటిది. ఆ మొదటి మిషన్ కొన్ని గంటలే పనిచేసింది. అయినా లార్సన్ 2001 దాకా బతికారు. ఆ నాలుగు దశాబ్దాల్లో ఆయనకు ఇరవై ఆరు పేస్‌మేకర్లు మార్చారు. మొదటి మిషన్ అమర్చిన సర్జన్, తయారుచేసిన ఇంజినీరు ఇద్దరికంటే ఆయన ఎక్కువ కాలం జీవించారు. మిషన్ ఆగిపోయిన ప్రతిసారీ మనిషిని కనిపెట్టుకుని ఉన్నవాళ్లు పక్కన ఉండబట్టే అది సాధ్యమైంది.

తరవాత 1980లో ప్రాణాంతక లయను గుర్తించి తనంతట తాను షాక్ ఇచ్చే ఐసీడీ మనిషి శరీరంలోకి వచ్చింది. బలహీనపడ్డ గుండె రెండు పక్కలా కలిసి కొట్టుకునేలా చేసే సీఆర్‌టీ వచ్చింది. తీగలే లేని పేస్‌మేకర్ వచ్చింది. ఎడమ జఠరిక పనిని పంచుకునే ఎల్‌వ్యాడ్ వచ్చింది. ఇవన్నీ అద్భుతాలే. అయితే వీటిలో ప్రతిదీ లోపలికి వెళ్లేటప్పుడు ఒక రక్తనాళాన్నో, ఒక కండనో, ఒక పొరనో తాకుతూ వెళుతుంది. ఆ తాకిడి ఎక్కడ జరిగిందో తెలిస్తే బీపీ ఎందుకు పడిందో సగం తెలిసినట్టే.

బీపీ నిలబడాలంటే

వైద్యులు కాని మిత్రుల కోసం రెండు మాటలు. రక్తపోటు నిలబడాలంటే నాలుగు కావాలి. రక్తనాళాల్లో చాలినంత రక్తం ఉండాలి. గుండె తగిన వేగంతో, తగిన బలంతో కొట్టుకోవాలి. రక్తం గుండెలోకి రావడానికీ, గుండె నుంచి పోవడానికీ అడ్డు ఉండకూడదు. రక్తనాళాలు తమ బిగువు పోగొట్టుకోకూడదు. బీపీ పడిందంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి, ఒక్కోసారి రెండు, దెబ్బతిన్నాయి. పేస్‌మేకర్ వీటిలో వేగాన్ని మాత్రమే చూసుకోగలదు. మిగిలినవి దాని చేతిలో లేవు. అందుకే ‘పేస్‌మేకర్ చెక్ చేశాం, బాగుంది’ అన్న మాటతో ఆలోచన ఆగిపోకూడదు.

ఒక రోగిని ఊహించుకుందాం. అరవై ఎనిమిదేళ్ల మనిషి, జీవితమంతా స్టూడియోల్లో లైట్లు మోసినవాడు. గుండె కర్ణికలు ఏళ్లుగా క్రమం తప్పి అదురుతున్నాయి, నాడి ముప్పైకి పడిపోయి రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాడు. రక్తం గడ్డకట్టకుండా మాత్ర వాడుతున్నాడు. మోకాళ్ల నొప్పులున్నాయి. ముందు తొడ దగ్గరి సిర నుంచి తాత్కాలిక తీగ వేసి, తరవాత ఎడమ భుజం కింద ఒక తీగ పేస్‌మేకర్ అమర్చారు. నిమిషానికి 60 దగ్గర పెట్టారు. సాయంత్రం బీపీ 130. రాత్రి పదకొండుకు 84/60. మానిటర్‌లో 60. సెలైన్ ఎక్కిస్తే 100కి వచ్చింది, గంటకు మళ్లీ పడింది. మిషన్ చెక్ చేస్తే అంకెలన్నీ సరిగానే ఉన్నాయి.

ఇక్కడి నుంచి ఎటు వెళ్లాలి?

మొదట చేయి వేసి చూడండి

మొట్టమొదటి పని, ఆ అంకె నిజమేనా అని చూడడం. కఫ్ సైజు సరిపోయిందా? రెండు చేతులకూ చూశారా? ఎడమ చేతి రక్తనాళం సన్నబడి ఉంటే అక్కడ బీపీ తక్కువ చూపిస్తుంది, మనిషి బాగానే ఉంటాడు. ధమనిలో లైన్ ఉంటే ట్రాన్స్‌డ్యూసర్ గుండె మట్టంలో ఉందా? అది పది సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే బీపీ ఏడెనిమిది పాయింట్లు తక్కువ చూపిస్తుంది. ఇది చూడడానికి ఒక్క నిమిషం చాలు.

రెండో పని మనిషిని చూడడం. చేతులు, కాళ్లు చల్లబడ్డాయా? మాట తడబడుతోందా? గంటకు మూత్రం ఎంత వస్తోంది? రక్తంలో లాక్టేట్ పెరుగుతోందా? సగటు రక్తపోటు 65 కంటే తగ్గి, ఈ గుర్తులు కూడా ఉంటే అది షాక్. అప్పుడు వెతుకులాట, వైద్యం రెండూ ఒకేసారి జరగాలి.

మూడో పని నాడి పట్టుకోవడం. మానిటర్ చాలాసార్లు పేస్‌మేకర్ ఇచ్చే విద్యుత్ గీతనే గుండె చప్పుడుగా లెక్కవేస్తుంది. తీగ చోటు తప్పి గీత పడుతున్నా గుండె ముడుచుకోకపోవచ్చు. తెర మీద 60 ఉంటుంది, మణికట్టు దగ్గర ముప్పై ఉంటుంది. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ అలలను ఈసీజీతో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా వెంటనే బయటపడుతుంది.

మన లైట్‌మన్ విషయంలో నాడి గురించి ఇంకో జాగ్రత్త ఉంది. రక్తం కారుతున్నప్పుడు మామూలు మనిషి గుండె 110, 120 కొట్టుకుంటుంది. ఆ వేగమే మనల్ని హెచ్చరిస్తుంది. ఇతని గుండె సొంతంగా వేగం పెంచుకోలేదు, మిషన్ ఇచ్చే 60 దగ్గరే నిలబడుతుంది. లోపల ఎంత రక్తం పోయినా నాడి నెమ్మదిగా, క్రమంగా, ప్రశాంతంగా ఉంటుంది. ‘నాడి బాగుంది కాబట్టి రక్తస్రావం లేదు’ అన్న తర్కం పేస్‌మేకర్ ఉన్న రోగి దగ్గర చెల్లదు. బీటా బ్లాకర్లు వాడుతున్నవాళ్ల దగ్గరా చెల్లదు. ఈ సాయంత్రం చెప్పినవాటిలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే యువ డాక్టర్లు ఇది గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

గుండె చుట్టూ చేరే రక్తం

పరికరం అమర్చిన తరవాత బీపీ పడితే అన్నిటికంటే ముందు కొట్టిపారేయాల్సిన కారణం, గుండె చుట్టూ ఉన్న పొరలోకి రక్తం చేరడం. దాన్ని టాంపొనేడ్ అంటాం. కుడి జఠరిక గోడ మందం మూడు నాలుగు మిల్లీమీటర్లే. కర్ణిక గోడ అంతకంటే పల్చన. తీగ కొసలో ఉండే చిన్న మర ఆ గోడలో దిగాలి, దాటి పోకూడదు. దాటిపోయే ప్రమాదం పేస్‌మేకర్లలో నూటికి ఒకరిలోపే. కానీ జరిగినవాళ్లకు అది ప్రాణాల మీదికి వస్తుంది. వయసు మీరినవాళ్లు, సన్నగా ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు, తాత్కాలిక తీగ వేయించుకున్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు ఈ ముప్పుకు దగ్గరగా ఉంటారు.

ఆ పొరలో మామూలుగా 50 మిల్లీలీటర్లకు మించి ద్రవం ఉండదు. మన దేశంలో క్షయ వల్ల నెలల తరబడి మెల్లగా నీరు చేరితే లీటరు చేరినా మనిషి నడిచి ఓపీకి వస్తాడు, ఎందుకంటే పొర సాగడానికి వ్యవధి దొరికింది. అదే రక్తం అరగంటలో చేరితే 150, 200 మిల్లీలీటర్లకే గుండె నిండలేక బీపీ కూలిపోతుంది. ఎంత చేరిందన్నదానికంటే ఎంత త్వరగా చేరిందన్నదే ప్రాణాన్ని తేలుస్తుంది.

క్లీవ్‌లాండ్ సర్జన్ క్లాడ్ బెక్ 1935లో దీనికి మూడు గుర్తులు చెప్పారు. బీపీ తగ్గడం, మెడ సిరలు ఉబ్బడం, గుండె చప్పుడు మందగించడం. 1947లో ఆపరేషన్ గదిలో ఆగిపోయిన గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చి తొలిసారిగా మనిషి ప్రాణం నిలబెట్టినది కూడా ఆయనే. మనం పరీక్షల్లో ఆ మూడు గుర్తులు బట్టీపట్టాం. మంచం దగ్గర మూడూ కలిసి కనిపించడం అరుదు. రక్తం పోయి నీరసించిన మనిషికి మెడ సిరలు ఉబ్బవు. వెంటిలేటర్ శబ్దంలో గుండె చప్పుడు మందగించిందో లేదో తెలియదు. ఊపిరి పీల్చినప్పుడు పై బీపీ పదికి మించి తగ్గుతోందా అని చేత్తో కఫ్ పెట్టి చూడడం ఇప్పటికీ పనికొచ్చే పరీక్ష. మన లైట్‌మన్ అంకెల్లోనే ఒక సూచన ఉంది. 84/60. పై అంకెకూ కింది అంకెకూ మధ్య 24 పాయింట్లే మిగిలాయి. గుండె ముడుచుకున్న ప్రతిసారీ చిమ్మే రక్తం తగ్గిపోయిందని అది చెబుతోంది.

ఇప్పుడు ఎకో తియ్యాలి. తెల్లారేదాకా ఆగడానికి వీల్లేదు, అప్పుడే తియ్యాలి. ఎకోలో కుడి కర్ణిక, కుడి జఠరిక లోపలికి కుంగుతున్నాయా, కింది మహాసిర ఉబ్బి కదలకుండా ఉందా అని చూడాలి. మొదటి ఎకోలో ఏమీ లేకపోతే గంట ఆగి మళ్లీ తియ్యాలి. ఛాతీ తెరిచి ఆపరేషన్ చేసిన రోగుల్లో రక్తం గడ్డకట్టి కర్ణిక వెనక ఒక్కచోటే నొక్కుతుంది. ఛాతీ మీద నుంచి తీసే ఎకోకు అది చిక్కదు. అన్నవాహిక గుండా తీసే ఎకో కావాలి, లేదా సీటీ కావాలి. సెలైన్‌కు బీపీ కాసేపు లేచి మళ్లీ పడడం కూడా టాంపొనేడ్‌లో కనిపించే తీరే. అలా లేచినప్పుడు ఊపిరి పీల్చుకుని కూర్చుంటే విలువైన గంట పోతుంది. కంగారులో మత్తిచ్చి వెంటిలేటర్ మీద పెడితే గుండెలోకి వచ్చే రక్తం ఇంకా తగ్గి అక్కడికక్కడే గుండె ఆగిపోవచ్చు. సూదితో రక్తం తీసే ఏర్పాటు, సర్జన్ సిద్ధంగా ఉండడం ముందు జరగాలి.

తీగ గోడ దాటినా మిషన్ అంకెలు మారకపోవచ్చన్నది ఇక్కడ ముఖ్యమైన సంగతి. గోడ అవతలికి వెళ్లిన తీగ కూడా కొన్నిసార్లు గుండెను బాగానే కొట్టిస్తుంది. వదలని ఎక్కిళ్లు, భుజం నొప్పి, ఊపిరి తీస్తే గుచ్చుకునే ఛాతీ నొప్పి మిషన్ కంటే ముందు నిజం చెబుతాయి. ఇది ఆ రాత్రే జరగాలని కూడా లేదు. వారం తరవాత, నెల తరవాత ఇంట్లో జరగవచ్చు.

గుండె బయట వెతకాల్సినవి

గుండె పొర శుభ్రంగా ఉందనుకుందాం. వెంటనే ఊపిరితిత్తులు చూడాలి. భుజం కింద సిర కోసం గుచ్చిన సూది ఊపిరితిత్తి పైకొసను తాకితే గాలి బయటికి చేరుతుంది. ఆ గాలి ఒత్తిడి పెరిగితే గుండె పక్కకు తోసుకుపోతుంది, బీపీ పడుతుంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో ఇది నిమిషాల్లో ముదురుతుంది. ఆ స్థితిలో ఎక్స్‌రే కోసం కాచుకుని కూర్చోకూడదు, సూదితో గాలి వదిలించాలి.

తరవాత రక్తం ఎక్కడ పోతోందో చూడాలి. పేస్‌మేకర్ పెట్టిన చోట వాపు కంటికి కనిపిస్తుంది. తొడ దగ్గర గుచ్చిన రంధ్రం నుంచి కడుపు వెనక్కి కారే రక్తం కనిపించదు. నడుం నొప్పి అంటాడు, మనం మంచం గట్టిగా ఉందనుకుంటాం. హిమోగ్లోబిన్ మొదటి గంటల్లో తగ్గకపోవచ్చు. అనుమానం వస్తే సీటీ తీయించాల్సిందే. రక్తం పల్చబరిచే మందుల విషయంలో 2013లో వచ్చిన బ్రూజ్ కంట్రోల్ అధ్యయనం మనకు మంచి దారి చూపింది. వార్ఫరిన్ ఆపి మధ్యలో హెపారిన్ ఇచ్చినవాళ్లలో నూటికి 16 మందికి పేస్‌మేకర్ చోట పెద్ద వాపు వచ్చింది. వార్ఫరిన్ ఆపకుండా చేసినవాళ్లలో నూటికి ముగ్గురు నలుగురికే వచ్చింది. జాగ్రత్త అనుకుని చేసిన పనే రక్తస్రావం పెంచుతోందని తెలిసింది.

ఇక మందులు. మత్తు ఇంజెక్షన్లు, తొందరగా ఎక్కించిన వాంకోమైసిన్, యాంటీబయోటిక్‌కు వచ్చిన ఎలర్జీ, పొద్దున వేసుకున్న బీపీ మాత్ర, రోజంతా తిండి నీళ్లు లేకుండా ఉంచడం, వీటిలో ఏది ఎన్ని గంటలకు జరిగిందో కాగితం మీద రాసుకుంటే బీపీ పడిన సమయంతో కలుస్తుందో లేదో తెలుస్తుంది. పెద్ద గుండె ఆపరేషన్ తరవాత రక్తనాళాలు బిగువు కోల్పోయే వేసోప్లీజియా ఒకటుంది. అందులో చేతులు కాళ్లు వెచ్చగా ఉంటాయి, గుండె బాగా కొట్టుకుంటుంది, బీపీ మాత్రం నిలవదు. దానికి నార్‌ఎడ్రినలిన్, వేసోప్రెసిన్ లాంటివి కావాలి. గుండె బలహీనతకు ఇచ్చే మందులు దానికి పనిచేయవు.

సాయం చేయబోయి కీడు చేసే సందర్భం కూడా తెలిసి ఉండాలి. ఏళ్ల తరబడి హైబీపీతో గుండె గోడ మందమైపోయినవాళ్లకు, ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లకు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఎడమ జఠరిక బయటి దారి తనకు తానే మూసుకుంటుంది. బీపీ పడిందని డోపమిన్ మొదలుపెడితే గుండె ఇంకా గట్టిగా ముడుచుకుని దారి ఇంకా మూసుకుంటుంది. బీపీ ఇంకా పడుతుంది, మనం డోసు ఇంకా పెంచుతాం. మందు పెంచేకొద్దీ మనిషి దిగజారుతుంటే చేయి ఆపి ఎకో చూడాలి. అక్కడ కావలసింది సెలైన్, గుండె వేగం తగ్గించడం.

మిషన్ చెప్పినట్టే చేస్తున్నా

ఇప్పుడు వేరే రోగి. కర్ణికలు సక్రమంగా కొట్టుకుంటున్న మనిషి. ఇతనికి జఠరికలో ఒక్క తీగే ఉన్న పేస్‌మేకర్ పెట్టారు. మిషన్ తన పని తాను చేస్తుంది. కానీ కర్ణిక ముడుచుకునే సమయానికి జఠరిక కూడా ముడుచుకుని కవాటం మూసేస్తుంది. కర్ణికలోని రక్తం ముందుకు పోలేక మెడలోకి ఎదురు తంతుంది. గుండె నిండడంలో కర్ణిక వాటా సుమారు ఐదో వంతు. గోడ బిరుసెక్కిన గుండెల్లో ఇంకా ఎక్కువ. ఆ వాటా పోయేసరికి బీపీ ఇరవై పాయింట్లు పైగా పడుతుంది, తల తేలిపోతుంది, గుండెదడ, ఆయాసం వస్తాయి. దీన్ని పేస్‌మేకర్ సిండ్రోమ్ అంటారు. అమెరికాలో జరిగిన మోస్ట్ అధ్యయనంలో ఒక తీగ పద్ధతిలో ఉంచినవాళ్లలో నూటికి సుమారు 18 మందికి ఇది తీవ్రంగా వచ్చింది.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరీక్ష అక్కర్లేదు. మంచం పక్కన కూర్చుని, మిషన్ కొట్టిస్తున్నప్పుడు ఒకసారి, రోగి సొంత లయ నడుస్తున్నప్పుడు ఒకసారి బీపీ చూడాలి. మెడలో ఉన్నట్టుండి ఎగసే పెద్ద అలలు చూడాలి. రిపోర్టులో ‘పేస్‌మేకర్ సక్రమంగా పనిచేస్తోంది’ అని ఉంటుంది, అది అబద్ధం కాదు. సక్రమంగా పనిచేస్తూనే అది మనిషిని కుంగదీస్తోంది.

ఎల్‌వ్యాడ్ ఉన్నవాళ్ల సంగతి మరీ వేరు. రక్తం ఆగకుండా ప్రవహిస్తుంది కాబట్టి చాలామందికి నాడే దొరకదు, మామూలు బీపీ మిషన్ ఎర్రర్ చూపిస్తుంది. డాప్లర్‌తో సగటు ఒత్తిడి చూడాలి. అది తగ్గితే రక్తస్రావమా, కుడి జఠరిక అలసిపోయిందా, టాంపొనేడా, లయ తప్పిందా అని వరసగా అడగాలి. నాడి దొరకలేదని కంగారుపడి ఛాతీ నొక్కడం మొదలుపెట్టే ముందు ఆ రోగికి ఏ పరికరం ఉందో తెలియాలి.

ఇంట్లోవాళ్లకే తెలిసిన కారణం

మన లైట్‌మన్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఎకోలో రక్తం లేదు. ఊపిరితిత్తులు బాగున్నాయి. సీటీలో ఏమీ లేదు. జ్వరం లేదు. సోడియం, చక్కెర తక్కువగా ఉన్నాయి. ఎంత మందు ఎక్కించినా బీపీ నిలవడం లేదు. ఇప్పుడు అతని భార్యను పిలిచి అడగాలి: ‘అమ్మా, మోకాళ్ల నొప్పులకు ఏం వాడేవారు?’

ఆమె సంచిలోంచి పేరులేని పొట్లం తీయవచ్చు. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన చిన్న తెల్ల మాత్రలు కావచ్చు. నాటు మందు పేరుతో అమ్మిన పొడి కావచ్చు. వాటిలో స్టెరాయిడ్ కలపడం మన ప్రాంతంలో కొత్త కాదు. ఏళ్ల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందితే మూత్రపిండాల మీది ఎడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి. ఆస్పత్రిలో చేరినప్పుడు ఆ మాత్రలు ఆగిపోయాయి, అవి చీటీలో లేవు కాబట్టి ఎవరూ ఇవ్వలేదు. ఆపరేషన్ ఒత్తిడికి శరీరం కార్టిసాల్ అడిగింది, ఇచ్చేవాళ్లు లేరు. కార్టిసాల్ పరీక్షకు రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా వంద మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇస్తే గంటల్లోనే బీపీ నిలబడుతుంది. ఈ జబ్బు పట్టుకోవడానికి కావలసిన మొదటి ఆధారం ల్యాబులో దొరకదు, భార్య చేతిసంచిలో దొరుకుతుంది. గుండె లయ కోసం ఎమియోడరోన్ వాడేవాళ్లలో థైరాయిడ్ మందగించడమూ ఇలాగే కప్పబడిపోయి ఉండవచ్చు. దానికి టీఎస్‌హెచ్ చూడాలి.

అదే మనిషి, అదే 84/60. గుండె చుట్టూ రక్తం చేరినా అదే అంకె వస్తుంది. కడుపు వెనక రక్తం కారినా అదే, స్టెరాయిడ్ ఆగినా అదే. మూడింటికీ వైద్యం మూడు దారులు. ‘కారణం తెలియని లోబీపీ’ అని కేస్‌షీట్‌లో రాసి సంతకం పెడితే మూడు దారులూ మూసుకుపోతాయి. కారణం శరీరంలో ఉంది, మనం ఇంకా అక్కడికి చేరలేదంతే.

చేతులు మారేటప్పుడు

సినిమా మిత్రులకు బాగా తెలిసిన విషయం ఒకటి ఆస్పత్రులు నేర్చుకోవాలి. మీ సెట్‌లో కంటిన్యుటీ రాసే సహాయ దర్శకుడు ఉంటాడు. నిన్నటి షాట్‌లో గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, వాచీ ఏ చేతికి ఉంది అని రాస్తాడు. పది రోజుల తరవాత మిగతా సీన్ తీసినా అతుకు తెలియదు. ఆస్పత్రిలో రాత్రి ఎనిమిదికి డాక్టరు మారతాడు, నర్సు మారుతుంది, క్యాథ్‌ల్యాబ్ వాళ్లు ఇంటికి వెళ్లిపోతారు. తీగ పెట్టేటప్పుడు ఒకసారి గుచ్చుకున్నట్టు అనిపించిందన్న సంగతి వాళ్లతోనే వెళ్లిపోతుంది. తొడ దగ్గర రెండుసార్లు గుచ్చారన్న సంగతీ వెళ్లిపోతుంది.

కాబట్టి నేను కోరేవి కష్టమైనవి కావు. పరికరం అమర్చిన ప్రతి రోగికి బల్ల మీద నుంచి దించే ముందే ఒక చిన్న ఎకో తీసి దాచాలి. అప్పుడు రాత్రి తీసిన ఎకోను దేనితో పోల్చాలో తెలుస్తుంది. ఒకే కాగితం మీద గంటగంటకూ బీపీ, నాడి, మూత్రం, ఇచ్చిన మందు, మిషన్ సెట్టింగ్ పక్కపక్కనే రాయాలి. బీపీ ఎంతకు పడితే ఎవర్ని లేపాలో ముందే రాసి ఉండాలి, నర్సు ఫోన్ చేయడానికి సంకోచించే పరిస్థితి ఉండకూడదు. క్యాథ్‌ల్యాబ్ నడిపే ప్రతి ఆస్పత్రిలో రాత్రిపూట ఎకో తీసి చదవగలిగినవాళ్లు, గుండె పొరలోంచి రక్తం తీసే సామాను ఉండాలి. సర్జన్ లేని ఊళ్లో ఏ ఆస్పత్రికి, ఏ అంబులెన్సులో పంపాలో ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి.

రోగి బంధువులకు కూడా చెప్పాలి. పేస్‌మేకర్ కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. వాడే మందులన్నీ, నాటు మందులతో సహా, సిగ్గుపడకుండా చెప్పండి. ఇంటికి వెళ్లాక కళ్లు తిరిగినా, ఎక్కిళ్లు వదలకపోయినా, ఛాతీలో గుచ్చుకున్నా, పేస్‌మేకర్ చోట ఎర్రబడినా ‘ఆపరేషన్ అయింది కదా, ఉంటుందిలే’ అనుకోవద్దు. షుగర్ ఏళ్లుగా ఉన్నవాళ్లకు లేచి నిలబడితే బీపీ పడవచ్చు. పడుకుని ఒకసారి, నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఒకసారి చూస్తే పై అంకె ఇరవై తగ్గిందో లేదో తెలిసిపోతుంది. ఆ కళ్లు తిరగడానికి పేస్‌మేకర్‌ను నిందించి లాభం లేదు.

సుబ్బారావుగారు అమెరికా సౌకర్యాన్ని వదిలి వచ్చి ఈ నగరంలో ఒక సంస్థను నిలబెట్టింది, ఇక్కడి పేదవాడికి కూడా నిక్కచ్చి రోగ నిర్ణయం అందాలని. గొప్ప పరికరాలు ఇప్పుడు మన దగ్గర ఉన్నాయి. వాటిని అమర్చగల చేతులు ఉన్నాయి. ఆయనకు మనం ఇవ్వగలిగిన నివాళి ఒకటే: పరికరం అమర్చిన ఏ రోగి బీపీ పడినా, కారణం చేతికి చిక్కేదాకా ఆ మంచం దగ్గర ఒకరు ఉండాలి, వరసగా అడుగుతూ ఉండాలి. ఈ సభలో ఉన్న ప్రతి ఆస్పత్రి బాధ్యులు ఈ నియమాన్ని తమ వార్డులో రాసి పెట్టాలని, ప్రతి కుటుంబం ఆ ప్రశ్నలు అడిగే హక్కు తమకుందని గుర్తించాలని కోరుతున్నాను.